జాబెజ్ కట్మోర్ పేరు పక్కన రెండక్షరాలు

మ్యూరియల్ కట్మోర్‌తో ఎవరైనా మాట కలిపితే, అది వానల గురించి మొదలైనా, కోళ్ల తెగులు గురించి మొదలైనా, పావుగంటలో జాబెజ్ దగ్గరికి వచ్చి ఆగేది. జాబెజ్ ఆవిడ ముత్తాత. పోయి ఎనభై ఏళ్లు దాటింది. అయినా మా ఊరు సాండర్స్ రీచ్‌లో ఆయన్ని ఎరగని మనిషి లేడు, ఎరగకుండా ఆవిడ ఉండనిస్తేగా. "మావాళ్లు సొంత డబ్బు పెట్టి ఓడెక్కి వచ్చారు. మమ్మల్ని ఎవరూ పంపలేదు," అనేది, ఎదుటి మనిషి టీ కప్పులో పంచదార వేస్తూ. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మెడ ఒక అంగుళం పొడుగయ్యేది.

ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న మా టాస్మేనియాలో ఆ మాటకి చాలా బరువుంది. ఈ దీవికి వచ్చిన తెల్లవాళ్లలో సగానికి సగం ఇంగ్లండు కోర్టులు ద్వీపాంతర శిక్ష వేసి, సంకెళ్లు బిగించి, ఓడల్లో కుక్కి పంపినవాళ్లే. ఆ సంగతి అందరికీ తెలుసు. తమ ఇంటి సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఒకరి తాత గురించి ఇంకొకరు అడగకపోవడం మా ఊరి మర్యాద. ఏ ఇంటి కథైనా హోబార్ట్ రేవులో ఓడ దిగడంతోనే మొదలవుతుంది. అంతకుముందు ఏం చేసేవారని అడిగితే అవతలివాళ్లకి ఉన్నట్టుండి పొయ్యి మీద కూర గుర్తొస్తుంది.

ఇంటి బైబిల్లో మొదటి పేజీల మీద పుట్టినవాళ్ల, పెళ్లయినవాళ్ల, పోయినవాళ్ల పేర్లు రాసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. చాలా ఇళ్లలో ఆ పేజీలే ఉండవు. ఏ తాతో బామ్మో తీరిగ్గా కూర్చుని గడ్డం గీసుకునే కత్తితో కోసేసి ఉంటారు. ఏమైందని అడిగితే ఎలుకలు కొట్టాయంటారు. మా దీవి ఎలుకలు స్కేలు పెట్టి మరీ కొడతాయి.

కట్మోర్ల బైబిల్లో ఆ పేజీ చెక్కు చెదరకుండా ఉండేది. దాని నెత్తిన జాబెజ్ స్వయంగా, పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకున్నవాడి వంకర దస్తూరీతో రాసుకున్న వరస ఉంది: జాబెజ్ కట్మోర్, ఎఫ్.ఎస్., 1844. ఎఫ్.ఎస్. అంటే ఫ్రీ సెట్లర్. ఎవరి బలవంతమూ లేకుండా తనంత తాను వచ్చి స్థిరపడ్డవాడు. ఆ ఇంట్లో పిల్లలకి ప్రార్థన కంటే ముందు ఆ రెండక్షరాలు నేర్పేవారు. తరం మారినకొద్దీ జాబెజ్ సామాను కూడా పెరిగింది. వాళ్ల తాత చెప్పిన కథలో ఆయన ఒక పనిముట్ల పెట్టెతో దిగాడు. నాన్న చెప్పిన కథలో ఒక గుర్రం కూడా దిగింది. మ్యూరియల్ దగ్గరికి వచ్చేసరికి పియానో దిగింది.

ఆవిడ తల్లి పోయేనాటికి మ్యూరియల్‌కి పదహారేళ్లు, చెల్లెలు ఊనాకి పదకొండు. తండ్రి హోరేస్ మంచి తోట రైతు, ఇంట్లో మాత్రం మనిషి కాదు. అరిచేవాడు, లేకపోతే రోజుల తరబడి నోరు తెరిచేవాడు కాదు. అరుపుల కంటే ఆ మౌనమే భయంగా ఉండేది. మ్యూరియల్ వండింది, ఉతికింది, చెల్లెలికి జడలు వేసింది. కోతల కాలంలో ఆపిల్ షెడ్డుకి పనికి వెళ్లేది. ఒక్కో కాయని పల్చటి కాగితంలో మెలితిప్పి చెక్కపెట్టెలో వరసలు తప్పకుండా పేర్చడంలో, ఆవిడ వేగం నది ఇవతలి ఒడ్డున ఎవరికీ లేదు. అలా కూడబెట్టిన డబ్బుతో ఒక ఏడు జాబెజ్ సమాధి రాయి మీద పేరు కింద 'ఫ్రీ సెట్లర్' అని నిండు అక్షరాలతో చెక్కించింది. రాయి చెక్కే ముసలి గస్, "రెండక్షరాలు వేస్తే చాలు కదమ్మాయ్, పూర్తిగా చెక్కమంటావా?" అని రెండుసార్లు అడిగాడు. పూర్తిగానే చెక్కమంది. అతను ఉలి అందుకున్నాడు.

ఊనాకి ఇరవై మూడేళ్లప్పుడు పర్సీ డెంప్సీ వచ్చాడు. రంపపు మిల్లులో పనిచేసేవాడు. చెవులు కాస్త పెద్దవి, చేతులు ఇంకా పెద్దవి, నవ్వితే ఎదుటివాళ్లూ నవ్వేవారు. తోట కంచె కూలిపోతే అడగకుండానే వచ్చి నిలబెట్టి వెళ్లాడు. హోరేస్ అంతటివాడు కూడా అతను కనిపిస్తే ఒక మూలుగు మూలిగేవాడు, అది ఆయన భాషలో పలకరింపు. పెళ్లి మాట అనుకున్నారు. డెంప్సీల ముసలాయన ఓడలో ఎలా వచ్చాడో ఊరందరికీ లోలోపల ఒక అనుమానం ఉండేది, కానీ మర్యాద కొద్దీ ఎవరూ దాన్ని బయటికి తీయలేదు.

మ్యూరియల్ తీసింది. అరిచి, గొడవ చేసి కాదు. ఎంతో తియ్యగా, "పెళ్లి రాసుకోవాలి కదా పర్సీ, ఆదివారం టీకి వచ్చేటప్పుడు మీ ఇంటి బైబిల్ కూడా పట్రా. రెండూ పక్కపక్కన పెట్టుకుని పేర్లు సరిచూసి నేనే రాస్తాను," అంది.

అతనికి పాపం ఏమీ తెలియదు. వాళ్లమ్మ బల్లగుడ్డలో చుట్టి ఇచ్చిన పుస్తకాన్ని అలాగే చంకలో పెట్టుకుని వచ్చాడు. బల్ల మీద వేడివేడి స్కోన్ రొట్టెలు, రాస్‌బెర్రీ జామ్, ఇంట్లో ఉన్న మంచి కప్పులన్నీ. తండ్రి ఒక కొసన, ఊనా ఇంకో కొసన. మ్యూరియల్ ముందు తన బైబిల్ తెరిచి జాబెజ్ వరస అందరికీ కనిపించేలా పెట్టింది. తర్వాత డెంప్సీల బైబిల్ అట్ట తీసింది. మొదటి పేజీ లేదు. కుట్టు దగ్గర కోసిన అంచు ఒకటి, గోరు వెడల్పున, నిటారుగా ఉంది. ఆ అంచు మీద వేలు పైనుంచి కిందికి నెమ్మదిగా రాసింది.

"ఎలుకలా, పర్సీ?"

అంతే అంది. పర్సీ చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మొహం. ఊనా వైపు చూశాడు. ఊనా తన పళ్లెంలోకి చూస్తోంది. అతను పుస్తకాన్ని మళ్లీ ఆ బల్లగుడ్డలోనే చుట్టుకుని, కప్పులో టీ అలాగే వదిలేసి లేచాడు. తండ్రి మూలగలేదు కూడా. గేటు చప్పుడయ్యాక మ్యూరియల్ స్కోన్లు చల్లారిపోతాయంది.

తర్వాత రెండు ఆదివారాలు అతను నది రేవు దగ్గర ఆమె కోసం నిలబడడం ఊరంతా చూసింది. ఊనా వెళ్లలేదు. మరుసటి ఏడు అతను ఎగువ ఊరి అమ్మాయి డాట్‌ని చేసుకున్నాడు. అయిదుగురు పిల్లలు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ కొట్టు దగ్గరో చర్చి మెట్ల మీదో అక్కచెల్లెళ్లు కనిపిస్తే టోపీ తీసి ఇద్దరికీ ఒకేలా తల వంచేవాడు. 1971 శీతాకాలంలో పోయాడు. ఆ రోజు ఊనా ఒక పెద్ద కేకు చేసి వాళ్లింటికి పంపించి, చర్చిలో చిట్టచివరి బెంచీ మీద కూర్చుంది. ఏడవడానికి ఆమెకి అక్కడ ఏ హోదా లేదు.

మ్యూరియల్ ఆ సంగతులేవీ తలుచుకునేది కాదు. ఇంటి పరువు కాపాడానని ఒక్కసారి అనుకుని ఆ అర మూసేసింది. తండ్రి పోయాడు, అక్కచెల్లెళ్లిద్దరే మిగిలారు. కలిసి కోళ్లు పెంచారు, కలిసి జామ్ కాచారు, ఒకరి మోకాళ్ల నొప్పులకి ఇంకొకరు తైలం రాశారు. పర్సీ పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

వెయ్యి తొమ్మిదివందల డెబ్బై రెండులో చర్చికి నూరేళ్లు నిండుతున్నాయని ఊరు హడావిడి పడింది. మా ఊరికి ఆ ఏడు గొప్పగా చెప్పుకోడానికి ఏదో ఒకటి అవసరం కూడా. ఇంగ్లండు మన ఆపిళ్లు కొనదట అని తేలిపోయి, సర్కారు డబ్బిచ్చి మరీ చెట్లు పీకిస్తోంది. ట్రాక్టర్లు గొలుసులు కట్టి చెట్లు లాగుతుంటే జనం గుమ్మాల్లో నిలబడి చూసేవారు. ఇలాంటప్పుడు కాస్త పాత వైభవం కావాలనిపించి, చర్చి కమిటీ ఒక ఇత్తడి పలక చేయిద్దామనుకుంది. స్వేచ్ఛగా వచ్చి ఊరు నిలబెట్టిన మొదటి కుటుంబాల పేర్లు దాని మీద ఉంటాయి. మొదటి పేరు ఎవరిదో వేరే చెప్పాలా? కార్యదర్శి మిసెస్ ఓట్స్ మాత్రం చాదస్తపు మనిషి. ఓడ పేరు, దిగిన సంవత్సరం లేకుండా ఎవరి పేరూ చెక్కించనంది.

ఓడ పేరు కట్మోర్లలో ఎవరికీ తెలియదు. అదెంత భాగ్యం అనుకుని మ్యూరియల్ మంచి టోపీ, చేతి తొడుగులు వేసుకుని బస్సెక్కి హోబార్ట్ వెళ్లింది. ఆవిడ చేసిన తప్పల్లా ఆ బస్సెక్కడమేనని తర్వాత చాలా రోజులు అనుకుంది.

పాత రికార్డులు దాచే ఆఫీసులో కళ్లద్దాలావిడ ఒకరు ఓపిగ్గా వెతికారు. 1844లో తమ ఖర్చుతో వచ్చినవాళ్ల జాబితాలో జాబెజ్ కట్మోర్ లేడు. ముందేడూ లేడు, తర్వాతేడూ లేడు. సామాను ఎక్కువున్న మనిషండీ, పియానో తెచ్చాడు, మళ్లీ చూడండి అంది మ్యూరియల్. కళ్లద్దాలావిడ లోపలికి వెళ్లి చాలాసేపటికి వచ్చింది. చేతిలో ఉన్న కాగితాన్ని మ్యూరియల్ ముందు బోర్లా పెట్టింది.

"చూడాలనుంటే తిప్పి చూడండి. చూడకుండా లేచి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు, దాన్ని మేమేం తప్పుగా అనుకోం," అంది గొంతు తగ్గించి.

మ్యూరియల్‌కి అర్థం కాలేదు. తిప్పింది.

జాబెజ్ కట్మోర్, వయసు ఇరవై ఒకటి, కూలివాడు. ఎసెక్స్ నుంచి 1837లో ఖైదీల ఓడ 'మార్చియొనెస్ ఆఫ్ థేల్'లో. నేరం దొంగతనం. శిక్ష ఏడేళ్లు ద్వీపాంతరం. దాని కింద అతను చెప్పిన మాటలు గుమాస్తా రాసుకున్నాడు: 'రెండు దుప్పట్లు, ఒక రాగి బిందె. నేను అద్దెకుంటున్న ఇంటి ముసలి విధవరాలివి.' ఆ కింద ఇక్కడికి వచ్చాక చేసిన ఘనకార్యాలు. పనివేళ పడుకుని దొరికాడు. తాగాడు. యజమానికి ఎదురు చెప్పి పాతిక కొరడా దెబ్బలు తిన్నాడు. పక్క గళ్లలో ఒంటి గుర్తులు. గోధుమరంగు జుట్టు, ఎడమ చేతికి రెండు వేళ్లు సగానికి లేవు.

వేరే జాబెజ్ ఎవరో అయుంటాడని చెప్పడానికి మ్యూరియల్ అప్పటికే నోరు తెరిచింది. ఆ వేళ్ల దగ్గర నోరు మూతపడింది. సొంత భూమిలో మొదటి చెట్టు కోస్తూ జాబెజ్ ఎడమ చేతి రెండు వేళ్లు రంపానికి బలి ఇచ్చాడని వాళ్ల తాత కథ. ఓడ దిగేటప్పటికే ఆ వేళ్లు లేవు.

ఆఖరి గడిలో ఎర్ర సిరాతో రాసుంది: ఎఫ్.ఎస్., 1844. మునిగిపోతున్న మనిషి కొమ్మ పట్టుకున్నట్టు ఆవిడ దాన్ని పట్టుకుంది. చూశారా, మీ వాళ్లే రాశారు, ఫ్రీ సెట్లర్ అని, అంటూ వేలు పెట్టి చూపించింది.

"అది సెట్లర్ కాదమ్మా," అంది కళ్లద్దాలావిడ. "ఫ్రీ బై సర్విట్యూడ్. వేసిన శిక్ష అంతా అనుభవించి విడుదలయ్యాడని. తమంత తామొచ్చినవాళ్లకి సి.ఎఫ్., కేమ్ ఫ్రీ, అని రాసేవాళ్లు."

"ఆయనే రాసుకున్నాడు. సొంత చేత్తో, బైబిల్లో."

"రాసుకోడూ మరి? ఏడేళ్లు మోసి దించుకున్న బరువు. అది ఆయనకి గొప్పే కదమ్మా."

తిరుగు బస్సులో మ్యూరియల్ కిటికీ పక్కన కూర్చుని టోపీ ముందుకి లాక్కుంది. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టు సిగ్గు. ఏ రొట్టెముక్కో దొంగిలించాడంటే ఆకలి అనుకోవచ్చు, జనం జాలిపడతారు. నీడ ఇచ్చిన ముసలిదాని దుప్పట్లా? ఆ చలికాలం ఆ ముసలావిడ ఏం కప్పుకుందోనన్న ఆలోచన వచ్చింది, దాన్ని తరిమేసింది. తర్వాత ముసలి గస్ గుర్తొచ్చాడు. పూర్తిగా చెక్కమంటావా అని రెండుసార్లు ఎందుకడిగాడో ఇప్పుడు తెలిసింది. అతని తరం వాళ్లందరికీ ఆ రెండక్షరాల అర్థం తెలుసన్నమాట. తను మెడ పొడుగు చేసుకుని చెబుతుంటే పంచదార కలుపుకుంటూ విన్నారన్నమాట. ఆ ముసలి మొహాలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని, ప్రతి ఒక్కరి ముందూ ఆవిడ మళ్లీ ఒకసారి సిగ్గుపడింది. జాబెజ్ ఒక్కడే ఏమీ దాచలేదు. ఉన్నదున్నట్టు రాసిపెట్టి పోయాడు. దాన్ని అబద్ధం చేసింది చదువుకున్న తన చేతులు.

ఇల్లు దగ్గరపడేకొద్దీ ఇంకో మొహం ముందుకి వచ్చింది, చెవులు ఎర్రబడ్డ మొహం. దాన్ని తరమడం ఆవిడ వల్ల కాలేదు.

ఊనాకి చెప్పాలి. బస్సు దిగుతూనే చెప్పేద్దామనుకుంది. గేటు దగ్గర ఊనా ఎదురొచ్చి, "ఓడ దొరికిందా అక్కా?" అంటే, ఇవాళ ఆఫీసు మూసేశారంది. మిసెస్ ఓట్స్‌కి కూడా అదే చెప్పింది. అలా మూడు వారాలు గడిచాయి. అన్నం సయించలేదు. కొట్టు దగ్గర డాట్ డెంప్సీ కనబడితే మొదటిసారి మ్యూరియల్ వీధి దాటి అవతలి పక్కకి వెళ్లింది. పలక మీద పేర్లు చెక్కడానికి శుక్రవారం పంపిస్తున్నామని, ఓడ పేరు లేకపోయినా ఇంతటి కుటుంబాన్ని వదిలేయలేం కాబట్టి ఈ ఒక్కసారికి రూలు సడలించామని మిసెస్ ఓట్స్ ఇంటికొచ్చి మరీ చెప్పింది. మ్యూరియల్ థాంక్స్ చెప్పింది. 

గురువారం మధ్యాహ్నం ఊనా గుడ్ల బుట్ట తీసుకుని కోళ్ల దొడ్లోకి వెళ్లింది. మ్యూరియల్ బైబిల్‌ని వంటింటి బల్ల మీదికి తెచ్చింది. తండ్రి గడ్డం గీసుకునే కత్తి అలమారాలో అట్టడుగున ఉంది, ఇంకా పదును పోలేదు. ఈ పేజీ లేకపోతే రేపెవరూ ఆ రెండక్షరాలు చూసి ఏ ఆఫీసుకీ వెళ్లరు. కత్తి మొన కుట్టు దగ్గర ఆనించింది. అప్పుడు చెయ్యి ఆగింది. ఇంత తిన్నగా కొయ్యాలంటే ఎంత నిదానం కావాలో, ఎంత ఒంటరిగా కూర్చోవాలో ఆవిడకి మొదటిసారి తెలిసింది. డెంప్సీల ఇంట్లో ఎవరో ఒక ముసలమ్మ పిల్లల కోసం ఇలాగే కూర్చుని ఉంటుంది.

"ఏం చేస్తున్నావక్కా?"

ఊనా గుమ్మంలో ఉంది, బుట్ట చేతిలో. మ్యూరియల్ కత్తి దాచలేదు. దాచేంత ఓపిక లేదు. తల ఎత్తకుండానే మొత్తం చెప్పేసింది. ఓడ, ఎసెక్స్, పాతిక కొరడా దెబ్బలు, రెండు వేళ్లు, ఎఫ్.ఎస్. అంటే ఏమిటో. ఊనా బుట్ట బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏం ఎత్తుకెళ్లాడు?"

"ముసలిదాని దుప్పట్లు. బిందె."

"పియానో కాదన్నమాట," అంది ఊనా. మొహంలో నవ్వు లేదు.

మ్యూరియల్ ఇంక ఆగలేదు. మన రక్తమూ అదేనని తెలియక పర్సీని ఆ మాట అన్నానే, తెలిసుంటే అనేదాన్ని కాదే అంది. ఊనా ఆ మాటలన్నీ విని, గుడ్డుకి అంటిన ఈక ఒకటి తీసి పక్కన పెట్టింది.

"అంటే, జాబెజ్ నిజంగా డబ్బు పెట్టుకుని వచ్చినవాడే అయితే నువ్వు చేసింది సరైన పనేనా అక్కా?"

మ్యూరియల్ కత్తి మడిచి బల్ల మీద పెట్టింది.  అప్పుడు, ముప్పై ఎనిమిదేళ్లుగా తనకి తాను కూడా చెప్పుకోని సంగతి ఆవిడ నోట్లోంచి వచ్చింది. గట్టిగా కాదు, పక్కవాళ్ల తప్పు చెబుతున్నంత మెల్లగా.

"పర్సీ తాత ఎవరైతే నాకేంటే. పరువూ కాదు, పాడూ కాదు. నువ్వెళ్లిపోతే ఈ ఇంట్లో నాన్నతో నేనొక్కదాన్నే ఉండాలి. ఆయన మాట్లాడకుండా కూర్చునే ఆ రాత్రుళ్లు నాకు తలుచుకుంటేనే వణుకొచ్చేది. నువ్వు పోకుండా ఎలా ఆపాలో తెలియలేదు. ఆ పుస్తకం దొరికింది."

ఊనా చేతులు గుడ్ల మీద ఆగిపోయాయి. ఆమె మొహం చూస్తే ఇన్నాళ్లూ ఈ మాట ఆమె ఊహలోకి కూడా రాలేదని తెలుస్తూనే ఉంది.

"ఆ రోజు పర్సీ ఎందుకొచ్చాడో తెలుసా?" అంది.

"బైబిల్ తెమ్మన్నాను. తెచ్చాడు."

"నిన్నొకటి అడగడానికి వచ్చాడు. వాళ్లింట్లో ఆరుగురు తమ్ముళ్లు, కాళ్లు చాపుకోను చోటు లేదు. పెళ్లయ్యాక మన వెనక గది బాగుచేసుకుని ఇక్కడే ఉంటామని, అక్కని నాన్నతో వదిలేసి నేను రాలేనని నేనే అతనితో అన్నాను. సరేనన్నాడు. నాన్నని కాదు, ముందు మీ అక్కని అడుగుతా, ఇల్లు ఆవిడదే కదా అన్నాడు. టీ తాగాక అడుగుదామనుకున్నాడు."

మ్యూరియల్ తలెత్తి చూసింది. 

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు పరువు మాటెత్తావు. దానికి నేనేం సమాధానం చెప్పను? నాక్కూడా ఆ నిమిషం అతన్ని చూస్తే సిగ్గేసింది. అది నా తప్పు, అది నేను మోస్తున్నాను." ఊనా బుట్టని తన వైపు లాక్కుంది. "భయమేస్తోందని ఒక్క మాట అని ఉంటే చెప్పేదాన్ని కదక్కా."

వెనక గది తలుపు వంటింట్లోంచి కనబడుతూనే ఉంటుంది. అన్నేళ్లూ అందులో ఖాళీ ఆపిల్ పెట్టెలు పడేసి ఉంచారు. మ్యూరియల్ అటు చూడలేకపోయింది. చెల్లెలి మొహమూ చూడలేకపోయింది.

"నీకు అన్యాయం చేశాను ఊనా," అంది బల్ల వైపు చూస్తూ.

"చేశావు," అంది ఊనా.

తర్వాత లేచి గుడ్లు ఒక్కొక్కటే తుడిచి జాడీలో పెట్టింది. మ్యూరియల్ సాయం చేయడానికి చెయ్యి చాపితే వద్దనలేదు, ఇవ్వనూ లేదు. మ్యూరియల్ టోపీ కూడా పెట్టుకోకుండా, జాబెజ్ వచ్చిన ఓడ పేరు చెప్పడానికి మిసెస్ ఓట్స్ ఇంటికి బయల్దేరింది, పలక రేపు పొద్దున్నే వెళ్లిపోతుంది కాబట్టి.